నిద్ర పట్టట్లేదు సాబ్

ఈసారి కాలమ్ మొత్తం ఒకే రకం ఉత్తరాలకి ఇచ్చేస్తున్నా. పోయిన నెల ఒక మాజీ సైనికుడి భార్యకి రెండు లైన్లలో ఏదో జవాబు రాశాను, అంతే, అప్పట్నుంచి ఫౌజీ ఇళ్ళ నుంచి వరసగా ఉత్తరాలు, వాట్సాప్‌లు. వాటిలో ఐదు ఇక్కడ ఇస్తున్నా. పేర్లు, ఊళ్ళు, యూనిట్లు తీసేశా, కొన్ని వివరాలు మార్చా. నేను కూడా కొన్నేళ్ళు యూనిఫాం వేసుకుని మిలటరీ హాస్పిటల్లో సైకియాట్రీ చూసినవాడినే, అందుకని మధ్యలో ఆ భాష దొర్లుతుంది, ఏమనుకోవద్దు.

ముందు ఒక్కమాట. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఇప్పుడే, ఈ రాత్రే, ఇంక బతకాలని లేదు అనిపిస్తుంటే చదవడం ఇక్కడే ఆపేసి 14416 కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బులేమీ కట్టక్కర్లేదు, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పక్కగదిలో ఎవరైనా ఉంటే లేపండి. కాలమ్ ఎక్కడికీ పోదు, రేపు చదువుకోవచ్చు.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ప్రకాశం జిల్లా వైపు పల్లెటూరు. మా ఆయన 24 ఏళ్ళు ఆర్మీలో చేసి హవల్దారుగా రిటైరయ్యి మూడేళ్ళయింది. సర్వీసులో రెండుసార్లు కాశ్మీర్లో ఆర్ఆర్‌లో (రాష్ట్రీయ రైఫిల్స్) చేశారు. ఇప్పుడు టౌన్లో బ్యాంకుకి గన్‌మేన్‌గా వెళ్తన్నారు, సొంత లైసెన్సు గన్ను ఉంది, డబల్ బ్యారెల్, ఇంట్లో బీరువాలో పెడతారు. రాత్రి ఒంటిగంట దాటినా పడుకోరు, మంచం మీద కాకుండా వసారాలో కుర్చీ వేసుకుని గేటు వైపు చూస్తా కూర్చుంటారు, మధ్యలో లేచి తలుపు గొళ్ళాలు మూడేసి సార్లు చూస్తారు. దీపావళికి ఎవరింట్లోనో లక్ష్మీబాంబు పేలితే గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయారు, ఒళ్ళంతా చెమటలు. క్యాంటీన్ మందు కోటా పది రోజులకే అయిపోతంది. పోయిన వారం అన్నం తింటా "నేను లేకపోతే నీకు ఫ్యామిలీ పెన్షను వస్తది, ఇల్లు కూడా అయిపోయింది, ఇంక నాతో పనేముందే" అన్నారు. నవ్వుతానే అన్నారు. గట్టిగా అడుగుదామంటే భయం, అడిగితే లేని ఆలోచన పుట్టిద్దేమోనని. మా అత్త దిష్టి తగిలిందని తాయెత్తు కట్టించింది. నన్నేం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దానిమీద అత్తగారితో పేచీ వద్దు. కానీ ఆ నవ్వుతా అన్న మాట ఉంది చూశారూ, మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది అక్కడ. "నేను లేకపోతే" అని మొదలుపెట్టి పెన్షను సంగతి, ఇల్లు సంగతి చెప్పాడంటే ఆ లెక్క ఆయన లోపల ఇదివరకే నాలుగుసార్లు వేసుకున్నాడన్నమాట. ఫౌజీ ఏడ్చి చెప్పడు. ఇలాగే లెక్కలాగా, జోకులాగా చెప్తాడు, అవతలివాళ్ళు కూడా నవ్వేస్తే "సరే, అయిపోయింది" అనుకుని మళ్ళీ నోరు విప్పడు.

అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం మీ ఒక్కరిదే కాదు, బాగా చదువుకున్నవాళ్ళు కూడా నన్ను అడుగుతారు. పుట్టదమ్మా. దీనిమీద పరిశోధనలు చాలా జరిగాయి, నేరుగా అడిగినందువల్ల ఆ ఆలోచన పెరిగిందని తేలలేదు, అడిగాక కొంత తేలికపడ్డామని చెప్పినవాళ్ళే ఉన్నారు. ఎలా అడగాలంటారా, పిల్లలు పడుకున్నాక ఆ వసారాలోకే ఇంకో కుర్చీ తీసుకెళ్ళండి. ఎదురుగా కాదు, పక్కన వేసుకోండి, ఆయన చూసే గేటు వైపే మీరూ చూస్తూ కూర్చోండి. మొదట నిద్ర గురించే అడగండి. "బాధగా ఉందా" అంటే లేదంటాడు, "భయంగా ఉందా" అంటే కోప్పడతాడు, "ఎన్నాళ్ళైందండీ సరిగ్గా నిద్రపోయి" అంటే మాత్రం చెప్తాడు. నిద్రకి సిగ్గు అక్కర్లేదు కదా. కలలొస్తున్నాయా, ఒకే కల వస్తోందా, ఎన్నింటికి మెలకువ వస్తోంది, ఇలా కాసేపయ్యాక అసలు మాట అడగండి: "మొన్న నేను లేకపోతే అన్నారు, చచ్చిపోవాలని అనిపిస్తోందా మీకు?" ఆ మాటే వాడండి. "పిచ్చి ఆలోచనలేం పెట్టుకోవట్లేదుగా" అని మాత్రం అడక్కండి, ఆ ప్రశ్నలోనే "లేదు" అనే జవాబు మనమే ఇచ్చేసినట్టు. ఆయన అవునంటే గుండెలు బాదుకోవద్దు, పిల్లల మీద ఒట్టు వేయించుకోవద్దు. ఒట్టు వేయించుకుంటే ఆలోచన పోదు, మీకు చెప్పడం మానేస్తాడు, అంతే తేడా. "చెప్పి మంచి పని చేశారు" అనండి, ఆ రాత్రికి ఒంటరిగా వదలొద్దు, పొద్దున్నే డాక్టరు దగ్గరికి. ఎలా, ఎప్పుడు అని కూడా ఆలోచించి పెట్టుకున్నట్టు మాటల్లో తెలిస్తే పొద్దుటిదాకా కూడా ఆగకండి, 14416 కి గానీ 112 కి గానీ అప్పుడే చెయ్యండి, లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళిపోండి.

ఇంక గన్ను. అది ఆ బీరువాలో ఉండకూడదు, తాళం మీ దగ్గర ఉన్నా సరే. ఆ ఆలోచన ఉప్పెనలా వచ్చే సమయం చాలామందిలో చాలా చిన్నది, నిమిషాలు, కొన్ని గంటలు. ఆ కాస్త సేపూ చేతికి ఏదీ అందకపోతే మనిషి మిగులుతాడు. ఇది నా సొంత పైత్యం కాదు, ఇజ్రాయెల్ సైన్యంలో 2006లో ఒక చిన్న రూలు మార్చారు, వారాంతం సెలవుకి ఇంటికెళ్ళే కుర్ర సోల్జర్లు రైఫిల్ తీసుకెళ్ళకుండా బేస్‌లోనే పెట్టి వెళ్ళాలని. ఆ తర్వాత ఆత్మహత్యలు సుమారు 40 శాతం తగ్గాయి, ఇళ్ళదగ్గర వారాంతాల్లో జరిగేవే బాగా తగ్గాయి. అదే రైఫిలు, అవే కష్టాలు, మధ్యలో కొంచెం దూరం పెట్టారంతే. మీవారికి చెప్పేటప్పుడు "మీమీద నమ్మకం లేదు" అన్నట్టు రాకూడదు. ఎలక్షన్లప్పుడు లైసెన్సు గన్నులన్నీ స్టేషన్లోనో ఆయుధాల డీలరు దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకుంటారు కదా, అది ఆయనకి అలవాటే, అలాగే ఇప్పుడు కూడా కొన్నాళ్ళు పెట్టేద్దాం అనండి, నిద్ర కుదిరాక తెచ్చుకుందాం అనండి. బ్యాంకులో గన్ లేని డ్యూటీ, పగటి డ్యూటీ అడగమనండి. ఆయన మాట వినే రెజిమెంట్ దోస్తు ఎవరైనా ఉంటే అతని చేత చెప్పించండి, పెళ్ళాం చెప్తే వినని మాట తోటి ఫౌజీ చెప్తే వింటారు, మగాళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా. పొలం ఉంటే పురుగుమందు డబ్బాలు కూడా ఇంట్లోంచి పంపించేయండి. మందు కోటా విషయం మాత్రం ఒక్కసారిగా మాన్పించబోకండి, రోజూ బాగా తాగేవాళ్ళు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, అది డాక్టరు చూస్తూ తగ్గించాలి.

మీవారికి ఏమైందో నా భాషలో చెప్తా. ఫీల్డులో తెల్లారుజామున, పొద్దుగూకేటప్పుడు "స్టాండ్ టు" అని ఇస్తారు, అందరూ ఆయుధాలు పట్టుకుని పొజిషన్లో రెడీగా ఉండాలి, దాడి వచ్చే వేళ అని. ఆ వేళ దాటాక "స్టాండ్ డౌన్" ఇస్తారు, అప్పుడు చాయ్. మీవారి ఒంటికి స్టాండ్ టు ఇచ్చారు గానీ స్టాండ్ డౌన్ ఇవ్వలేదమ్మా. గేటు వైపు చూడటం, గొళ్ళాలు చూసుకోవడం, బాంబు పేలితే గోడ పట్టుకోవడం, ఇవి ఒకప్పుడు ఆయన్ని బతికించిన అలవాట్లే. వీటిని పిచ్చి అనకండి, ఎవర్నీ అననివ్వకండి. ఇంకోటి, కలలో కేకలేస్తే దగ్గరికెళ్ళి భుజం పట్టి కుదపొద్దు, కాస్త దూరంగా నిలబడి లైటు వేసి పేరు పెట్టి పిలవండి, ఊరి పేరు చెప్పండి, "మనింట్లోనే ఉన్నాం" అనండి.

ఇలాంటివి నెల దాటినా తగ్గకుండా ఉంటే పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మనసుకి పట్టుకునేది) అనే జబ్బేమో చూస్తాం. నేను ఉత్తరం చదివి జబ్బు పేరు పెట్టను, కూర్చోబెట్టి మాట్లాడిన డాక్టరు పెట్టాలి. కానీ అదే అయితే వైద్యం ఉంది, మంచి వైద్యమే ఉంది. మందుల్లో సెర్ట్రాలిన్‌లాంటివి, మాటలతో చేసేవాటిలో ఆ జ్ఞాపకాన్ని భయపడకుండా మెల్లగా మళ్ళీ మళ్ళీ చెప్పించేది ఒకటి, ఆ సంఘటన వల్ల మనసులో గట్టిపడిపోయిన నమ్మకాలని ("నావల్లే చనిపోయాడు" లాంటివి) విప్పి చూసేది ఇంకొకటి. వారానికి ఒకసారి చొప్పున ఒక పది పదిహేను సిట్టింగులు. 24 ఏళ్ళు చేశారంటే ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉండే ఉంటుంది, పాలీక్లినిక్‌కి వెళ్ళి సైకియాట్రిస్టుకి రిఫరల్ అడగండి. ఆయన "నాకేం పిచ్చా" అంటే నిద్ర కోసం వెళ్దాం అనండి. అబద్ధం కూడా కాదు.

నా దగ్గరికి నాయక్ ర్యాంకు జవాను ఒకడు వచ్చేవాడు, గ్యాస్ ట్రబుల్ అని. ఎండోస్కోపీ అయింది, ఏమీ లేదు, ఇంక వేరే ఏమైనా ఉందేమో చూడమని నా దగ్గరికి పంపారు. మూడోసారి వచ్చినప్పుడు కూడా గ్యాసే. చీటీ రాసిచ్చా, సెల్యూట్ కొట్టాడు, తలుపు దాకా వెళ్ళాడు, బేరే టోపీ తీసి చేతిలో నలుపుతూ వెనక్కి తిరక్కుండానే "సాబ్, నీంద్ నహీ ఆతీ" అన్నాడు. నిద్ర పట్టట్లేదు సాబ్ అని. రెండు గంటలు మాట్లాడాడు ఆ రోజు. నా ఓపీ మొత్తం ఆగిపోయింది, బయట కూర్చున్నవాళ్ళు తిట్టుకున్నారు. అప్పట్నుంచి నేను ఏ ఫౌజీనైనా అడిగే మొదటి ప్రశ్న నిద్ర గురించే.

ప్రశ్న: సార్, నాది శ్రీకాకుళం, వయసు 27, ప్రస్తుతం పైన పోస్టింగు. రెండు నెలల కింద మా బడ్డీ నా ముందే పోయాడు. అప్పట్నుంచి నిద్ర లేదు, డ్యూటీలో ఉన్నట్టుండి వాడి గొంతు విన్నట్టు ఉంటుంది. ఊళ్ళో మా పెదనాన్న కొడుకులు గట్టు జరిపి మా పొలం కలిపేసుకుంటున్నారు, రోజూ రాత్రి ఫోన్లో అమ్మ ఏడుపు, కోర్టులో కేసు కూడా వేశారు, ఛుట్టీ దొరకట్లేదు. అప్పుడప్పుడు ఎందుకీ బతుకు అనిపిస్తది. ఎంఐ రూమ్‌లో (యూనిట్ డాక్టరు గది) చెప్తే మెడికల్ కేటగిరీ పడిపోద్ది, ప్రమోషన్ క్యాడర్ పోద్ది, లైఫ్ అంతా ఎల్ఎంసీ (లో మెడికల్ కేటగిరీ) అంటారు. చెప్పాలా వద్దా?

జవాబు: తమ్ముడూ, చెప్పు. ఈ రోజే చెప్పు. ఇప్పుడు నీ భయం గురించి మాట్లాడదాం, ఎందుకంటే అది ఉత్తుత్తి భయం అని నేననను, అంటే నువ్వు నన్ను నమ్మవు.

నీకు తెలుసు కదా, షేప్ అంటే సైన్యంలో ఫిట్‌నెస్ కొలిచే పద్ధతి, అందులో మొదటి అక్షరం ఎస్, అంటే మనసు. సైకియాట్రీ కింద అడ్మిట్ అయితే ఎస్ కింద కేటగిరీ మారే అవకాశం ఉంది. మారితే కొన్నాళ్ళు ఆయుధం చేతికివ్వరు, ఫీల్డు పోస్టింగు ఉండదు, క్యాడర్ ఆలస్యం అవ్వొచ్చు. ఇవన్నీ నిజాలే, దాచను. కానీ మొదట ఇచ్చేది టెంపరరీ కేటగిరీ, మామూలుగా 24 వారాలు, తర్వాత రివ్యూ, బాగున్నాడంటే మళ్ళీ పైకి తెస్తారు. షేప్ వన్‌కి, అంటే పూర్తి ఫిట్‌కి, తిరిగొచ్చినవాళ్ళని నా చేత్తో రాసి పంపించాను. ఎవరు తిరిగి రాలేదంటే, మూడేళ్ళు దాచిపెట్టి తాగుడుతో మేనేజ్ చేసి, ఒకరోజు పోస్టులో కుప్పకూలాక వచ్చినవాళ్ళు. మోకాలు వాచినప్పుడే సిక్ రిపోర్ట్ చేస్తే ఫిజియోతో పోతుంది, లాగి లాగి లిగమెంట్ తెగాక వెళ్తే ఆపరేషన్. ఇదీ అంతే.

నిజానికి నువ్వు రాసినదంతా జబ్బు కూడా కాకపోవచ్చు. బడ్డీ కళ్ళముందు పోతే రెండు నెలలు నిద్ర పట్టకపోవడం, గొంతు వినిపించడం దుఃఖంలో కూడా ఉంటుంది. కానీ "ఎందుకీ బతుకు" అనేది వచ్చింది చూడు, దాన్ని ఒక్కడివే మొయ్యకు. ఆర్ఎంఓ సాబ్‌తో (యూనిట్ డాక్టరు) నేరుగా మాట్లాడటం కష్టంగా ఉంటే ఇంకో దారి ఉంది. టెలీ మానస్ వాళ్ళది సాయుధ దళాల కోసం విడిగా ఒక సెల్ పుణేలో ఏఎఫ్ఎంసీలో (సాయుధ దళాల మెడికల్ కాలేజీ) 2023 డిసెంబర్లో మొదలైంది, నీకూ నీ ఇంటివాళ్ళకీ కూడా. 14416 కే చెయ్యి, ఫౌజీనని చెప్పు. నీ సీనియర్ జేసీఓ సాబో, ఉస్తాదో, పల్టన్‌లో (యూనిట్‌లో) నీకు నమ్మకం ఉన్నవాడు ఒక్కడికి చెప్పు, "రాత్రుళ్ళు బాలేదు, నన్ను కొంచెం చూస్తూ ఉండు" అని. అంతే చాలు. కొన్నాళ్ళు ఒంటరి సెంట్రీ డ్యూటీ వద్దని, ఆయుధం కోత్‌లోనే (ఆయుధాల గది) ఉంచమని నువ్వే అడగగలిగితే అంతకంటే ధైర్యం నేను చూడలేదు.

ఒక విషయం మాత్రం నాకు మింగుడుపడదు. బయట చట్టం మారింది, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, వైద్యం అందించాలి. కానీ 1950 నాటి ఆర్మీ యాక్టులో 64వ సెక్షన్‌లో అది ఇంకా నేరంగానే రాసుంది. ఆలోచన రావడం, దాన్ని డాక్టరుకి చెప్పడం నేరం కాదు తమ్ముడూ, గుర్తుపెట్టుకో. అయినా ఆ లైను అక్కడ ఉన్నంతకాలం జవాను నోరు విప్పడానికి జంకుతూనే ఉంటాడు, అది తీసేయాలనేది నా అభిప్రాయం.

ఇంక గట్టు తగాదా. నవ్వకు, నేను చూసిన కేసుల్లో తూటాల కన్నా గట్లే ఎక్కువమందిని నిద్ర లేకుండా చేశాయి. టెర్రరిస్టుని ఎదుర్కోగలడు గానీ రెండువేల కిలోమీటర్ల దూరంలో అన్నదమ్ముడు పాతిన సర్వే రాయిని ఏమీ చెయ్యలేడు, ఆ నిస్సహాయతే తినేస్తుంది. దీనికి పాత చట్టం ఒకటుంది, 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ యాక్టు. ఫీల్డులో ఉండి కోర్టుకి రాలేని సైనికుడి మీద కేసు నడుస్తుంటే, నీ సీఓ సాబ్ (కమాండింగ్ ఆఫీసర్) సర్టిఫికెట్ రాసి పంపిస్తే కోర్టు దాన్ని వాయిదా వెయ్యాలి, నువ్వు లేకుండా ఏకపక్షంగా తేల్చేయకుండా. మన లాయర్లకే చాలామందికి గుర్తుండదు ఇది. సీఓ సాబ్ నుంచి కలెక్టరుకీ, జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకీ ఉత్తరం వెళ్ళేలా అడుగు. అమ్మకి చెప్పు, పొలం మాటలు ఆదివారం పగలు మాట్లాడదాం, రాత్రి ఫోన్లో వద్దు అని. రాత్రి ఆ ఏడుపు విని అదే చేత్తో రైఫిల్ పట్టుకుని పోస్టుకి పోవడం ఎవడివల్లా కాదు.

ప్రశ్న: నేను 71 యుద్ధం చూసిన రిటైర్డ్ సుబేదార్ని. మా రోజుల్లో ఈ డిప్రెషన్లు, కౌన్సిలింగులు లేవు. ఆరు నెలలకొక ఉత్తరం, అయినా గట్టిగా ఉన్నాం. ఇప్పటి కుర్రాళ్ళకి ఫోను, నెట్టు, ప్యాకెట్ పాలు అన్నీ ఇచ్చి పాడుచేశారు. మీలాంటి డాక్టర్లు పేర్లు పెట్టి ఇంకా మెత్తబరుస్తున్నారు. ఏమంటారు?

జవాబు: సుబేదార్ సాబ్, ముందు సెల్యూట్. ప్యాకెట్ పాల మీద మీతో వాదించను.

మిగతాది వాదిస్తా. అప్పుడు లేదంటున్నారు, మీ ప్లాటూన్లో రాత్రుళ్ళు కేకలేసేవాడు ఒక్కడూ లేడా సాబ్? ఇంటికొచ్చాక ఎవరితో మాట్లాడకుండా బావి గట్టున కూర్చునేవాడు, తాగి తాగి నలభైలోనే పోయినవాడు? తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం ఉంది, రెండు ప్రపంచ యుద్ధాలకీ ఇంటింటి నుంచి మనుషుల్ని పంపిన ఊరు. అలాంటి ఊళ్ళలో ముసలమ్మల్ని కదిపితే ఇలాంటి తాతలు ఎంతమంది ఉండేవాళ్ళో చెప్తారు. "ఆయనంతే, మిలటరీ మనిషి" అనేవాళ్ళు. జబ్బు ఉంది, పేరే లేదు.

పేరు కూడా ఇప్పటిది కాదు. అమెరికా సివిల్ వార్ సోల్జర్లలో గుండెదడ, ఆయాసం, గుండె చూస్తే బాగానే ఉంది, డా కోస్టా అనే డాక్టరు 1871లోనే రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో షెల్ షాక్ అన్నారు, చార్లెస్ మైయర్స్ 1915లో లాన్సెట్‌లో రాశాడు. అదే యుద్ధంలో బ్రిటిష్ సైన్యం పిరికితనం, పారిపోవడంలాంటి నేరాల కింద 300 మందికి పైగా తన సోల్జర్లనే కాల్చి చంపింది, వాళ్ళలో ఎంతమంది షెల్ షాక్‌తో వణుకుతున్నవాళ్ళో. 306 మందికి 2006లో క్షమాభిక్ష ఇచ్చారు, తొంభై ఏళ్ళ తర్వాత. పీటీఎస్‌డీ అనే పేరు పుస్తకాల్లోకి ఎక్కింది 1980లో. అంతదాకా ఎందుకు, కురుక్షేత్రం గెలిచి కూడా ధర్మరాజు నాకీ రాజ్యం వద్దు, అడవికి పోతా అని కూర్చున్నాడు, తమ్ముళ్ళు, కృష్ణుడు, వ్యాసుడు, చివరికి అంపశయ్య మీదున్న భీష్ముడు, ఇంతమంది కూర్చోబెట్టి మాట్లాడితే గానీ లేవలేదు. దాన్ని మీరు కౌన్సిలింగ్ అనకపోతే పోనీండి.

ఒకటి మాత్రం మీ రోజుల్లో నిజంగా బాగుండేది, అది ఒప్పుకుంటా. యుద్ధం అయ్యాక పల్టన్ మొత్తం కలిసి రోజుల తరబడి రైల్లో వచ్చేది, కలిసి ఏడ్చి, కలిసి తాగి, తిట్టుకుని, పోయినవాళ్ళ గురించి చెప్పుకుని ఇల్లు చేరేవాళ్ళు. ఇప్పుడు కుర్రాడు పొద్దున ఆపరేషన్లో ఉండి, మర్నాడు ఛుట్టీ మంజూరై, సాయంత్రానికి విమానం దిగి మేనకోడలి ఓణీల ఫంక్షన్లో కూర్చుంటున్నాడు. అక్కడ నవ్వు రావట్లేదని అందరూ అడుగుతారు. నిజంగా వాళ్ళకి సాయం చెయ్యాలనుంటే మీ ఊళ్ళో లీవుకొచ్చిన కుర్రాణ్ణి అరుగు మీదకి పిలిచి మీ 71 కబుర్లు చెప్పండి సాబ్, గెలిచినవి కాదు, నిద్ర పట్టనివి. మీరు చెప్తే వాడూ చెప్తాడు. నేను ఎంత చదివినా మీకున్న ఆ హోదా నాకు లేదు.

అమెరికా ఎయిర్‌ఫోర్స్‌లో 1996 నుంచి పైవాళ్ళ చేతే "సాయం అడగడం బలహీనత కాదు" అని పదేపదే చెప్పించారు, కింది దాకా ట్రైనింగులు పెట్టారు, ఆత్మహత్యల ముప్పు మూడోవంతు తగ్గిందని తర్వాత లెక్క తేలింది. మెత్తబడి యుద్ధాలు మానేసినట్టు మాత్రం నేను వినలేదు.

ప్రశ్న: మా నాన్న ఎక్స్ సర్వీస్‌మెన్. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి ఆల్ప్రజోలం తెచ్చుకుంటారు, అదేసుకుంటేనే నిద్ర, లేకపోతే లేదు. ప్రమాదమా?

జవాబు: అవును బాబూ. ఆ జాతి మాత్రలు కొన్నాళ్ళకి అలవాటైపోతాయి, డోసు పెరుగుతూ పోతుంది, మద్యంతో కలిపి వేసుకుంటే ఊపిరికే ప్రమాదం. యుద్ధ జ్ఞాపకాల జబ్బుకి అవి అసలు వైద్యమే కాదు, వాడొద్దనే ఇప్పటి గైడ్‌లైన్స్ చెప్తున్నాయి. అలాగని రేపు డబ్బా విసిరేయొద్దు, ఉన్నపళంగా ఆపితే కూడా ఇబ్బందే, సైకియాట్రిస్టు వారాల మీద తగ్గిస్తారు. సెర్ట్రాలిన్‌లాంటివి ఆ రకంగా అలవాటయ్యేవి కావు గానీ పని చెయ్యడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మనవాళ్ళు పది రోజులు వేసుకుని "ఏం లేదు డాక్టర్" అని మానేస్తారు. పక్కలో పడుకుని దొర్లకూడదు, నిద్ర రాకపోతే లేచి కూర్చోవాలి, ఎప్పుడు పడుకున్నా రోజూ ఒకే టైముకి లేవాలి. నాన్నగారికి పొద్దున 5 గంటల అలవాటు ఎలాగూ పోయుండదు, అది మనకి కలిసొచ్చే విషయం.

ప్రశ్న: మా తమ్ముడు జవాను. పోయిన సంవత్సరం డ్యూటీలో ఉండగానే తనంతట తనే ప్రాణం తీసుకున్నాడు. బాడీ వచ్చింది, జెండా లేదు, గౌరవ వందనం లేదు. ఊళ్ళో ముందు అమరవీరుడని ఫ్లెక్సీ కట్టారు, సంగతి తెలిశాక రాత్రికి రాత్రే తీసేశారు. అమ్మ అప్పట్నుంచి గడప దాటలేదు. వాడి కూతురికి ఏడేళ్ళు, నాన్నకి ఏమైంది పెదనాన్నా అని నన్నే అడుగుద్ది. బోర్డర్లో పోయాడని చెప్పాం. స్కూల్లో ఎవరో పిల్లలు వేరేగా చెప్పారంట. ఏం చెప్పాలి?

జవాబు: మీ ఉత్తరం వచ్చి వారమైంది, రోజూ తీసి చదివి పెట్టేస్తున్నా.

జెండా సంగతి ముందు చెప్తా. తనంతట తాను చేసుకున్న మరణానికి మిలటరీ అంత్యక్రియలు ఉండవనేది 1967 నాటి ఆర్మీ ఆర్డరు ప్రకారం నడుస్తోంది, మీ తమ్ముడి మీద ఎవరో కక్షగట్టి చేసింది కాదు. రూలు అర్థమైంది కాబట్టి బాధ తగ్గిపోతుందని నేననుకోవట్లేదు. అమెరికాలో కూడా ఇలాంటిదే ఉండేది, యుద్ధరంగంలో ఆత్మహత్య చేసుకున్న సైనికుడి ఇంటికి ప్రెసిడెంట్ సంతాప లేఖ పంపేవాడు కాదు, 2011లో మార్చారు, ఇప్పుడు పంపుతున్నారు. మన దగ్గర ఎప్పుడో. వాడు వేసుకున్న యూనిఫాం, చేసిన డ్యూటీ ఆ చివరి రోజుతో చెరిగిపోవు, అమ్మకి ఆ మాట మీ నోటితో చెప్పండి, వాడి యూనిఫాం ఫోటో గోడకి పెట్టండి, ఊరు ఏమన్నా సరే. డబ్బు విషయంలో, రెగ్యులర్ సర్వీసు జవాను అయితే ఇలాంటి మరణంలో కూడా భార్యకి మామూలు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, కాగితాలు ఆగిపోయుంటే జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకి వెళ్ళండి. "ఇలా పోయినవాళ్ళకి ఏమీ రాదు" అని ఎవరో చెప్తే విని ఊరుకున్న కుటుంబాలు ఉన్నాయి.

అమ్మగారిని, మరదల్ని, మిమ్మల్ని కూడా ఒకసారి ఎవరికైనా చూపించుకోండి. ఇంట్లో ఇలాంటి చావు జరిగితే మిగిలినవాళ్ళకీ ఆ ముప్పు పెరుగుతుంది, మీరు రాసిన అక్షరాలు చూస్తుంటే మీరు కూడా సరిగ్గా నిద్రపోవట్లేదనిపిస్తోంది. "ఆ రోజు ఫోన్ ఎత్తుంటే" అని మీకు ఉండే ఉంటుంది. ఉంటుంది, అందరికీ ఉంటుంది. ఆ ఒక్క ఫోన్ వల్ల పోయినవాళ్ళు ఉండరు, అది చాలా రోజులుగా లోపల పెరిగిన జబ్బు.

పాపకి నిజం చెప్పండి. ఏడేళ్ళ పిల్ల మొయ్యగలిగినంత నిజం. ఎలా చనిపోయాడో వివరాలు వద్దు. పక్కన కూర్చోబెట్టుకుని, తనకి ఇష్టమైనదేదో చేతిలో ఉండగా, "నాన్నకి మనసులో పెద్ద జబ్బు చేసింది తల్లీ, కడుపులో నొప్పిలాగే మనసుకి కూడా వస్తుంది, అది చాలా ఎక్కువైపోయి నాన్న తనంతట తానే చనిపోయాడు. ముందు వేరేగా చెప్పాం, నీకు ఎలా చెప్పాలో మాకు తెలియలేదు" అనండి. తర్వాత ఈ రెండు ముక్కలు తప్పకుండా అనండి, అడక్కపోయినా అనండి: నువ్వు చేసినదానివల్ల కాదు, నాన్నకి నువ్వంటే ఇష్టం. పిల్లలు పైకి అనరు గానీ ఫోన్లో బొమ్మ కోసం మారాం చేశాను కాబట్టే నాన్న పోయాడని లోపల కట్టేసుకుంటారు. స్కూల్లో క్లాస్ టీచర్‌కి కూడా మీరే వెళ్ళి చెప్పండి. చెప్పాక పాప ఏడవకపోవచ్చు, "నేను ఆడుకోనా" అని వెళ్ళిపోవచ్చు, కంగారుపడకండి. వారానికో నెలకో మళ్ళీ వచ్చి మొదట్నుంచి అడుగుతుంది, ఏమీ చెప్పనట్టే అడుగుతుంది. మళ్ళీ అదే చెప్పండి, అవే మాటల్లో.